మా మందిరపు వసారా గురించి ఒక అభ్యంతరం

గత నెల మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక జరిగిన సంఘ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మందిరం ముందున్న వసారాకూ లోపలి హాలుకూ మధ్య గోడను పడగొట్టి, వసారాకు బయటివైపు అద్దాల తలుపులు బిగించి, ఆ చోటంతా హాల్లో కలిపేయాలన్నది దాని సారాంశం. కారణం కాదనలేనిదే. క్రిస్మస్‌కూ, మట్టల ఆదివారానికీ, ఈస్టరుకూ జనం పట్టక సగం మంది ఎండలో షామియానా కింద కూర్చుంటున్నారు. వసారా 30 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, అంటే 270 చదరపు అడుగులు. మధ్యలో నడిచే దారి వదిలినా 30 కుర్చీలకు పైగా పడతాయని లెక్క వేసి చూపించారు. చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. ఎందుకని అడిగితే సరిగా చెప్పలేకపోయాను. "ఉత్తి చోటే కదండీ, అక్కడ ఎవరు కూర్చుంటారు?" అని ఒక పెద్దాయన అడిగిన మాటకు కూడా నా దగ్గర అప్పటికి జవాబు లేదు. అప్పుడు చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఉత్తి చోటులో ఏముందో చెప్పాలి. మూడు మెట్లెక్కితే నేలంతా నల్లని కడప బండలు. హాలు తలుపు ఎదుట ఉన్న రెండు బండలు తరతరాల పాదాల రాపిడికి మధ్యలో వేలెడు గుంటపడి, వాన జల్లు కొట్టిన రోజున చిన్న పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు పట్టుకుంటాయి. (కడప అన్న ఊరి పేరే తిరుమలకు గడప అన్న మాట నుంచి వచ్చిందంటారు. మా గడపకు కడప రాయే పరచడం ఎవరూ తలచి చేసింది కాకపోయినా నాకు అది బాగుంటుంది.) ఎడమ గోడకు టేకు బల్ల ఒకటి ఉంది. దాని చేతి కొయ్య చివర వార్నిషు పూర్తిగా పోయి చెక్క నున్నగా, అరచేతి ఆకారంలో అరిగింది. కుడివైపు కానుకల పెట్టె, దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి కోశాధికారి దగ్గర, రెండోది సంఘపెద్ద దగ్గర ఉంటుంది గనుక ఇద్దరూ వస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. దాని పక్కన గొడుగులు తగిలించే మేకులు, మూతమీద గ్లాసు బోర్లించిన మంచినీళ్ళ కుండ, పెళ్ళి ప్రకటనలు అంటించే నోటీసు బోర్డు, కట్టడానికి చందాలిచ్చినవారి పేర్లు చెక్కిన పలక. పైకప్పులో గుండ్రటి కన్నం గుండా గంట తాడు వేలాడుతుంది. ఆ తాడు పట్టుకునేచోట, మనిషి గుండె ఎత్తులో, కొబ్బరి పీచు నల్లబడి చేయంత మెత్తగా అయింది. హాలు తలుపులు రెండు రెక్కలవి, ఆకుపచ్చ రంగు, లోపలికి తెరుచుకుంటాయి. ఈ చివరి సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ భాగాన్ని మా వాళ్ళు వసారా అంటారు, కొందరు పోర్టికో అంటారు. కట్టడాల శాస్త్రంలో దీని పేరు నార్తెక్స్. అది గ్రీకు మాట, నిటారుగా ఎత్తుగా పెరిగే ఒక మొక్క కాడ పేరు. మందిరం వెడల్పునంతా ఆక్రమిస్తూ పొడవుగా, ఇరుకుగా ఉండే చోటుకు ఆ పేరు ఆకారాన్ని బట్టి వచ్చి ఉంటుందంటారు. మనకు ఆ పేరు అరువు తెచ్చుకోవలసిన పని లేదు. సొలొమోను కట్టించిన దేవాలయానికి ముందు 20 మూరల పొడవు, 10 మూరల వెడల్పుతో ఉన్న భాగం గురించి రాయవలసి వచ్చినప్పుడు తెలుగు బైబిలు అనువాదకులు ముఖమంటపమనే వాడారు. మన గుళ్ళలో గర్భాలయానికీ అంతరాలయానికీ ముందుండే మంటపం పేరే ఎంచుకున్నారు. ఆ ముఖమంటపం ముందే యాకీను, బోయజు అని పేరుపెట్టిన రెండు ఇత్తడి స్తంభాలు నిలిచాయి. దేవాలయం మొత్తంలో పేర్లు పెట్టుకున్న స్తంభాలు ఆ రెండే, అవీ వాకిట్లోవే. కట్టినవాళ్ళు వాకిలిని ఉత్తి చోటుగా చూడలేదని చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తొలి శతాబ్దాల క్రైస్తవులకు ఈ చోటు ఎందుకు అవసరమైందో చూస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. బాప్తిస్మం కోసం సిద్ధపడుతున్నవారు వాక్యం వినవచ్చుగానీ ప్రభు సంస్కారం జరిగేటప్పుడు లోపల ఉండకూడదు. పాపం చేసి పశ్చాత్తాపంలో ఉన్నవారికీ అంతే. అలాంటివారిలో వినేవారు అని ఒక తరగతి ఉండేది, వాళ్ళు నిలబడే చోటు నార్తెక్స్. 325లో నికేయలో జరిగిన బిషప్పుల మహాసభ, రోమా చక్రవర్తి లికినియసు హింసాకాలంలో బలవంతమేమీ లేకుండానే విశ్వాసం వదులుకున్నవారి గురించి తన 11వ నిబంధనలో తీర్పు చెప్పింది: 3 సంవత్సరాలు వినేవారితో, 7 సంవత్సరాలు సాష్టాంగపడేవారితో, మరో 2 సంవత్సరాలు సంస్కారంలో పాలు లేకుండా ప్రార్థనలో మాత్రమే సంఘంతో. మొత్తం 12 ఏళ్ళు. కఠినమైన తీర్పే. కానీ ఆ తీర్పులో వాళ్ళను వెళ్ళగొట్టమని లేదు. మొదటి మూడేళ్ళు వాళ్ళు ఎక్కడ నిలబడాలో ఆ కట్టడంలో ముందే చోటు ఉంది. తూర్పు దేశాల ఆర్థడాక్స్ ఆరాధనలో విశ్వాస ప్రమాణానికి ముందు "తలుపులు! తలుపులు!" అని డీకను (ఆరాధనలో సహాయ సేవకుడు) హెచ్చరించడం ఇప్పటికీ ఉంది. ఆ తలుపులకు బయటివైపు జనం ఉన్న కాలపు కేక అది.

ఈ వరుసలో అన్నిటికన్నా గొప్పది కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) జస్టీనియను చక్రవర్తి 532కూ 537కూ మధ్య కట్టించిన హాగియా సోఫియా మందిరం. దానికి ఒకటి కాదు, రెండు వసారాలు. బయటిది అలంకారం లేని, బోసి గోడల చోటు. దాన్ని దాటితే లోపలి వసారా: గోడలకు రంగురంగుల పాలరాతి పలకలు, పైన బంగారు మొజాయిక్కు. అక్కడి నుంచి ప్రధాన మందిరంలోకి 9 ద్వారాలు, నడిమిది చక్రవర్తి ద్వారం. ఆ ద్వారం పైన సింహాసనం మీద క్రీస్తు, ఆయన పాదాల దగ్గర మోకాళ్ళూని వంగి చేతులు చాచిన ఒక చక్రవర్తి. ఆయన ఆరవ లియో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పండుగ రోజుల్లో చక్రవర్తి ఊరేగింపుగా వచ్చి, తెర చాటున కిరీటం తీయించుకుని లోపలికి నడిచింది ఆ వసారాలోంచే. మనం మెట్ల దగ్గర చెప్పులు విడిచినట్టే ఆయన అక్కడ కిరీటం విడిచాడు. విడవడానికి ఒక చోటు కావాలి. రోడ్డు మీద నుంచి అద్దం తలుపు తోసుకుని నేరుగా కుర్చీల వరుసలోకి అడుగుపెట్టేవాడు ఏది విడవాలన్నా ఎక్కడ విడుస్తాడు?

ఫ్రాన్సులోని వెజలే గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు బలం అక్కడే ఉంది. 12వ శతాబ్దపు ఆ మఠాలయానికి ఒక చిన్న చర్చి అంతటి వసారా ఉంది. దానిలో నిలబడితే లోపలి ద్వారం పైన అర్ధచంద్రాకారంలో ఒక పెద్ద శిల్పఫలకం కనిపిస్తుంది. మధ్యలో క్రీస్తు, ఆయన చేతుల నుంచి అపొస్తలుల తలల మీదికి పడుతున్న కిరణాలు. అంచుల్లోనూ కింది పట్టీలోనూ లోకంలోని జాతులన్నీ నడిచి వస్తున్నాయి. ఆ కాలపు ఐరోపావాళ్ళు భూమి చివర ఉంటారని నమ్మిన వింత మనుషులు కూడా వాళ్ళలో ఉన్నారు: కుక్క తలలవారు, ఒళ్ళంతా కప్పుకునేంత చెవులున్నవారు, గుర్రమెక్కడానికి నిచ్చెన వేసుకున్న మరుగుజ్జులు. ఈ శిల్పాన్ని బలిపీఠం వెనక పెట్టలేదు. లోపలికి ఇంకా రానివాడు నిలబడి తలెత్తి చూసే చోట పెట్టారు. నీకంటే దూరం నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని ఆ రాయి వాడితో చెబుతుంది.

ఇక మన నేల మీదికి వస్తే, మెదక్ కెథడ్రల్ చూడనివారు మనలో తక్కువ. కరవు కాలంలో ఆకలితో ఉన్న జనానికి పని చూపించి అన్నం పెట్టాలని మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మొదలుపెట్టిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, ముందు 175 అడుగుల గంట గోపురం. ప్రవేశం ఆ గోపురం అడుగు నుంచే. చెప్పులు బయట విడిచి మెట్లెక్కి గోపురం కిందికి వచ్చేసరికి ఎండ ఒక్కసారిగా తెగిపోతుంది. అక్కడ ఒక నిమిషం ఆగినవాడికీ ఆగనివాడికీ లోపల కనిపించేది ఒకటి కాదు. నడిమధ్యాహ్నపు ఎండలో వెలుగు దాదాపు లక్ష లక్సులు ఉంటే మందిరం లోపల యాభయ్యో వందో ఉంటుంది. కంటిపాప క్షణాల్లో పెద్దదవుతుంది గానీ, కంటి లోపలి పొర చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. వసారా అంత సమయం ఇవ్వలేదు, కానీ మొదటి మెట్టు దిగడానికి సాయం చేస్తుంది. జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన ఆ రంగుటద్దాల కిటికీలకు వెలుగు బయటి సూర్యుడిదే. ఎండకు మూసుకుపోయిన కళ్ళతో నేరుగా లోపలికి పరుగెత్తినవాడికి ముందు నల్లటి గోడలే కనిపిస్తాయి. మా చిన్న మందిరంలో రంగుటద్దాలు లేవు, అయినా బలిపీఠం వెనక గోడ మీద చెక్క సిలువ ఒకటి ఉంది. వసారా దాటి వచ్చిన కంటికి అది మెల్లగా తేలుతుంది. వసారా తీసేసి అద్దాల తలుపులు పెట్టిన రోజున రోడ్డు వెలుగంతా హాల్లోకి పడి, ఆ సిలువ వెలిసిపోయిన క్యాలెండరులా కనిపిస్తుందని నా భయం.

డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ గోపురాల్లో, మినార్లలో, స్తంభాల్లో ఈ దేశపు గుళ్ళూ మసీదులూ కనిపిస్తాయి. తూర్పు దేశపు జ్ఞానులు దారి వెతుక్కుంటూ శిశువైన యేసు ఉన్న ఇంటి వాకిటికి వచ్చిన పండుగ పేరే దానికి పెట్టారు. రాబోయేవాడికి చూపు ఆనడానికి తెలిసిన ఆకారం ఒకటి ఉండాలని ఆయన ఆలోచించాడని నేననుకుంటాను. మన పాత ఇళ్ళకు అరుగులుండేవి. బంధువు కానివాడు, పని మీద వచ్చినవాడు, ఊరికే నీడ కోసం వచ్చినవాడు అరుగు మీద కూర్చునేవాడు. వాణ్ణి లోపలికి పిలవలేదని ఎవరూ తప్పు పట్టలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. కార్ల కోసం అరుగులు కొట్టేశాం. ఇప్పుడు కుర్చీల కోసం వసారాలు కొడుతున్నాం.

నాకు ఎదురుగా చెప్పదగిన మాట ఒకటుంది, దాన్ని దాటవేయడం తప్పవుతుంది. వసారా అన్నది ఎప్పుడూ ఆదరించే చోటుగానే లేదు, మనుషుల్ని ఆపేసే చోటుగా కూడా ఉంది. ఇంగ్లండులోని డరమ్ కెథడ్రల్ పడమటి చివర 1170ల్లో బిషప్ హ్యూ ద పుయిసే కట్టించిన గెలిలీ చాపెల్ సన్నని స్తంభాలతో, వరుస కమానులతో చాలా అందంగా ఉంటుంది, ఇంగ్లండు చరిత్ర రాసిన సన్యాసి బీడ్ సమాధి కూడా అందులోనే ఉంది. అయితే కెథడ్రల్ ప్రధాన మందిరం నేలలో, పడమటి చివరకు దగ్గరగా, నల్లరాతి గీత ఒకటి ఉంది. ఆ కాలంలో స్త్రీలు ఆ గీత దాటి తూర్పుకు రాకూడదు. వాళ్ళకు మిగిలింది ఆ పడమటి చివర. మన దక్షిణాదిలో కులాన్ని బట్టి వేరువేరుగా కూర్చోబెట్టిన మందిరాల కథలు మనకు తెలియనివి కావు, వాకిట్లోనే నిలబెట్టినవారి మనుమలు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళలో ఒకరు లేచి "వసారా పోతే పోనివ్వండి, మా తాతను అక్కడే నిలబెట్టారు" అంటే ఆ మాటకు నేను తలవంచుతాను. అయినా నా సమాధానం ఇది: ఆ తాతకు జరిగిన అన్యాయం చోటుది కాదు, గీతది. ఇక్కడ దాకానే అని ఒకరు గీసిన గీత వేరు, కాసేపు ఇక్కడ ఉంటానని మనిషి తనంతట తాను ఎంచుకున్న చోటు వేరు. గీత చెరిపేయాలి. చోటు మాత్రం ఉండాలి.

తనంతట తాను ఎంచుకున్నవారెవరో చెబుతాను. మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క, పెళ్ళయి వెళ్ళిన ఇంట్లో వ్రతాలు, నోములు, ఏటేటా సత్యనారాయణ పూజ. పెదనాన్న పోయాక ఆవిడ మా ఊరు వచ్చి మా పక్క ఇంట్లోనే ఉంది. ఆదివారం మా అమ్మతో కలిసి నడుచుకుంటూ వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, వసారాలోని ఆ టేకు బల్ల మీద కూర్చునేది. అమ్మ లోపలికి వెళ్ళేది. పెద్దమ్మ వెళ్ళేది కాదు. మొదటి నెలలో ఒకసారి అయ్యగారు బయటికి వచ్చి "లోపలికి రండమ్మా" అన్నారు. "ఇక్కడ బాగానే ఉందండీ, పాటలు వినబడుతున్నాయి" అంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు, కానీ ఆ తరువాతి వారం నుంచి హాలు తలుపుల్లో బల్ల వైపు రెక్కను తెరిచే ఉంచమని గంట కొట్టే అతనితో చెప్పారు. పెద్దమ్మ తొమ్మిదేళ్ళు అలా వచ్చింది. పొద్దున ఇంట్లో దీపం పెట్టుకుని బొట్టుతోనే వచ్చేది. పాటల్లో సగం ఆవిడకు కంఠతా వచ్చేశాయి. పిల్లలు ఏడుస్తుంటే తల్లులు ఎత్తుకుని బయటికి వచ్చేవారు, ఆవిడ ఆ పిల్లల్ని ఒళ్ళోకి తీసుకుని తల్లుల్ని లోపలికి పంపేది. ఆలస్యంగా వచ్చినవారు ప్రార్థన ముగిసేదాకా ఆవిడ పక్కన కూర్చునేవారు. లోపలికి ఒక్కసారే వచ్చింది, నా పెళ్ళికి. చివరి వరుసలో నిలబడి, అక్షింతలు వేయకూడదేమోనని చేతిలోనే పట్టుకుని ఉంది. తరువాత వసారాలోకి వచ్చి "ఒరే, ఇలా రా" అని పిలిచి మా ఇద్దరి తలల మీదా అక్కడే వేసింది. బాప్తిస్మం తీసుకోలేదు. నాలుగేళ్ళ కిందట పోయింది. బల్ల చేతి కొయ్య చివర అరిగి ఉందని చెప్పానే, అది చాలామంది చేతులది, అందులో ఆవిడ చేయి కూడా ఉంది.

అక్కడ ఎవరు కూర్చుంటారని అడిగిన పెద్దాయనకు ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఇది.

ఇక వాడుక సామాను సంగతి. వసారాను కాపాడాలంటే గోడ ఉంటే చాలదు, లోపల ఏముండాలో ఏముండకూడదో కూడా తేల్చుకోవాలి. రోములో పాత సెయింట్ పీటర్స్ ముందు ముంగిట్లో యాత్రికులు కడుక్కోవడానికి నీటి తొట్టి, దాని మీద పెద్ద కంచు దేవదారు కాయ ఉండేవి. ఆ కాయ ఇప్పుడు వాటికన్‌లో ఒక ముంగిలికే పేరయింది. కతోలికుల గుళ్ళలో ద్వారం పక్కన పవిత్ర జలం పాత్ర ఆ కడుక్కోవడానికి గుర్తుగా మిగిలింది. మా దగ్గర ఆ ఆచారం లేదు, కానీ మా మంచినీళ్ళ కుండ అలాంటిదేనని నా నమ్మకం. ఎండన పడి వచ్చినవాడు మొదట అడిగేది నీళ్ళే. దాన్ని తీసేసి ప్లాస్టిక్ డబ్బా పెట్టకూడదని నా మనవి. మధ్యయుగపు ఇంగ్లండు ఊరి చర్చీల వసారాల్లో రెండువైపులా రాతి బల్లలుండేవి, పెళ్ళి ప్రమాణాలు చర్చి తలుపు దగ్గరే జరిగేవి, ఊరి ఒప్పందాలు అక్కడే కుదిరేవి. అంటే ఆ సామాను ఊరి జనం కోసం ఉంది. మన వసారాల్లో మాత్రం ఇప్పుడు చేరుతున్నవి విరిగిన కుర్చీలు, మడిచిన తివాచీలు, జనరేటరు, స్పీకరు పెట్టెలు, గత ఏడాది క్రిస్మస్ పశువుల పాక. మా దగ్గర కూడా కుడి మూల సగం వీటితోనే నిండింది. ఉత్తి చోటని పేరు రావడానికి ఆ మూలే కారణం.

అది కేవలం అందానికి సంబంధించిన మాట కాదు. చిలీ రాజధాని శాంటియాగోలో 1863 డిసెంబరు 8న కంపెనీ చర్చి తగలబడింది. పీఠం దగ్గరి దీపాల నుంచి అలంకరణల తెరలకు నిప్పంటుకుంది. జనం తలుపుల వైపు పరుగెత్తారు, ఆ తలుపులు లోపలికి తెరుచుకునేవి. ముందువాళ్ళను వెనకవాళ్ళు తోసుకురావడంతో అవి తెరుచుకోలేదు. 2,000 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. మా ఆకుపచ్చ తలుపులు కూడా లోపలికే తెరుచుకుంటాయి. మా వసారాలో దారికి అడ్డంగా జనరేటరు ఉంది. క్రిస్మస్ రాత్రి మా హాలంతా కొవ్వొత్తులు. గోడ పడగొట్టడానికి ఖర్చు పెట్టేముందు ఆ తలుపుల మడత బందులు తీసి, వసారాలోకి తెరుచుకునేలా బిగించాలి. వడ్రంగికి రెండు రోజుల పని. వసారా ఉంటేనే అది కుదురుతుంది, ఎందుకంటే బయటికి తెరుచుకునే రెక్కలకు మెట్ల మీద కాకుండా సమతలం మీద చోటు కావాలి, హాల్లోంచి ఒక్కుమ్మడిగా వచ్చే జనానికి విడిపోయి దిగడానికి మెట్ల ముందు ఖాళీ నేల కావాలి.

మరి కూర్చునే చోటు? మందిరానికి ఉత్తరం వైపు వేపచెట్టు దాకా 14 అడుగుల ఖాళీ స్థలం ఉంది. అటు గోడకున్న మూడు కిటికీలను కిందిదాకా దించి తలుపులు చేసి, బయట రేకుల పందిరి వేస్తే ఇప్పుడు అడుగుతున్నదానికి రెట్టింపు మంది కూర్చోవచ్చు. నీడ ఉంటుంది, పీఠం కనిపిస్తుంది, మామూలు ఆదివారాల్లో ఆ తలుపులు మూసుకోవచ్చు. ఖర్చు ఎక్కువే అవుతుంది, ఒప్పుకుంటాను. మొదటి ఏడాది పందిరి వేసి, కిటికీల పని రెండో ఏడాదికి వాయిదా వేసుకుంటే సంఘం మోయగలిగినదే.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ సమావేశం ఉంది. ఈసారి చెయ్యెత్తకుండా కూర్చోకుండా, ముందురోజు సాయంత్రమే వెళ్ళి ఉత్తరం వైపు స్థలం టేపుతో కొలిచి కాగితం మీద గీసుకుని వస్తాను. జనరేటరును వంటశాల వెనక్కి జరపడానికి ఇద్దరు యువకులు వస్తామన్నారు. అది జరిగాక బల్లను ఒకసారి కడిగి తుడుస్తాను. చేతి కొయ్య చివర మాత్రం వార్నిషు వేయనివ్వను.